గొంతు పోయాక మా అత్తమ్మ చేసిన ప్రార్థన

పటాన్‌చెరులో మా కంపెనీ ల్యాబులో తెల్ల కోటు వేసుకుంటుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. జల్దీ రా" అన్నాడు, అంతే. సాయంత్రానికి మా గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద సంఘంవాళ్లు "ప్రభువునందు నిద్రించిరి" అని రాయించారు. నాకు మాత్రం మా ఆయన అన్న మాటే సరైనదనిపించింది. మా అత్తమ్మ నిద్రపోయే మనిషి కాదు. చెప్పులేసుకుని ఎక్కడికో బయలుదేరి పోయే మనిషి.

మీరు ఆమెను చూసి ఉండరు. ఇంద్రేశంలో మా సందువాళ్లకైతే ముందు ఆమె గొంతు తెలుసు, ఆ తర్వాతే మనిషి. స్త్రీల కూడికలో ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఆమెదే. మా రేకుల మందిరంలో ఆమె "ప్రభువా" అని ఎత్తుకుంటే రోడ్డవతల చాయ్ తాగేవాళ్లు తలతిప్పి చూసేవాళ్లు. ఇంట్లోనూ అంతే. బియ్యం కడుగుతూ ప్రార్థనే, బట్టలు ఆరేస్తూ ప్రార్థనే. సందు చివర కంపెనీ బస్సు ఆగితే తడి చెయ్యి అటు చాపి, "మంచిగ పోయి మంచిగ రాండ్రి బిడ్డా" అనేది. మామయ్య బాయిలర్ దగ్గర పనిచేసిన రోజుల్లో పడిన అలవాటట అది. ఆయన పోయి చాలా ఏళ్లయినా అలవాటు పోలేదు.

కొత్త కోడలిగా ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అత్తమ్మా, దేవునికి చెవుడు గిట్ల ఉన్నదా, గంత గట్టిగ చేస్తవు?"

ఆమె నవ్వింది. "ఆయనకెందుకుంటది బిడ్డా, నా భయానికుంది. దానికి వినవడాలెనని గట్టిగ చేస్త."

అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ గొంతు దక్కలేదు. చెవి ఆమె నోటి దగ్గర పెడితే గాలిలో కలిసి నాలుగు మాటలు వినిపించేవి, అంతకు మించి లేదు. ఇంటికి వచ్చాక చాలా రోజులు మందిరానికి రాలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ప్రార్థన చేస్తోందా అని నేనూ అడగలేదు.

ఒక రోజు పాస్టరయ్య వచ్చి, ఆమె గొంతు తిరిగి రావాలని మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థించాడు. అయిపోయాక ఆమె లేచి కూర్చుని నన్ను దగ్గరికి రమ్మంది. ఆమె గుసగుసను నేను పైకి చెప్పాను. "గొంతు సంగతి దేవునికి చెప్పినం గదా అయ్యా. ఇగ మళ్ల మళ్ల అడగొద్దు. ఉన్నదానితోని ఏం జెయ్యాల్నో అడుగుదాం."

ఆ వారమే స్త్రీల కూడికకు వచ్చింది. పాటలు, వాక్యం అయ్యాయి. ముగింపు ప్రార్థనకు పాస్టరమ్మ ఇంకొకరి వైపు చూసేలోపే మా అత్తమ్మ లేచి నిలబడింది. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మాకు ఏమీ వినబడటం లేదు. పైన ఫ్యాను, బయట లారీలు. ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. ఆమె అవస్థ చూడలేక నేనే "ఆమేన్" అనేశాను. ఆమె ఒక కన్ను తెరిచి నన్ను చూసి, ఇంకా కాలేదన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ కన్ను మూసుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఇంకెవరూ తొందరపడలేదు. కాసేపటికి నా పక్కనావిడ ఏడుస్తోంది. ఆ నిశ్శబ్దంలో ఎవరి మొర వాళ్లకు గుర్తొచ్చినట్టుంది.

కొన్నాళ్లకు మా పక్కింటి ముస్లిం ఆపా పరుగున వచ్చింది. వాళ్ల గదిలో కిరాయికి ఉండే ఒడిశా కార్మికుడికి కంపెనీలో ఆవిరి కొట్టి ఒళ్లు కాలింది. "ఆయనకిక్కడ సొంతోళ్లు ఎవ్వరు లేరమ్మా. జెర వచ్చి దువా చెయ్యుండ్రి" అంది. ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. అత్తమ్మ చేతిలో బైబిలు చూడగానే నర్సు అడ్డం వచ్చింది.

"ప్రార్థనలు గిట్ల ఈడ వద్దమ్మా. పేషెంట్లు పరేషాన్ అయితరు."

"ఈమెకు గొంతే లేదు మేడమ్. ఎట్ల పరేషాన్ చేస్తది?" అంది ఆపా.

నర్సు అత్తమ్మ మెడ మీది కుట్ల గుర్తు చూసింది. వెళ్లి స్టూలు తెచ్చి వేసింది.

ఆయనకు తెలుగు రాదు, ఈమెకు మాట రాదు. కట్టులేని చేతిని పట్టుకుని కూర్చుంది. దాహమని సైగ చేస్తే చెంచాతో నీళ్లు పోసింది. ఒడిశా నుంచి వాళ్ల అన్న వచ్చేదాకా రోజూ వెళ్లింది. ఆయన కోలుకుని ఊరికి పోయాడు. అత్తమ్మ మాత్రం ఆ వార్డుకు వెళ్లడం మానలేదు. ప్రతి గురువారం, ఒంట్లో బాగుంటే మధ్యలో ఇంకో రోజు.

అందరూ కోలుకోలేదు. ఒకసారి ఆమె పక్కన కూర్చున్న పడుచువాడు పోయాడు. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. నా చెవి దగ్గరికి లాక్కుని, "దేవుని మీద మస్తు కోపమొచ్చింది బిడ్డా" అంది.

"మరేం జేసినవ్?"

"ఇంకెవ్వలకు చెప్పుదు? ఆయనకే చెప్పిన."

మరుసటి గురువారం మళ్లీ చెప్పులేసుకుంది. విశ్వాసమంటే ఏమిటో నేను చాలా ప్రసంగాల్లో విన్నాను. నాకు అర్థమైంది మాత్రం ఆ రోజు వాకిట్లో, ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆటో కోసం చెయ్యెత్తినప్పుడు.

ఆమె పోయిన రోజు ఉదయం కూడా లేచి స్నానం చేసి, జుట్టు ముడి వేసుకుంటూ మంచం మీద ఒరిగిందట. గుండె ఆగిందన్నారు.

భూస్థాపన అయిన తర్వాతి గురువారం నేను మధ్యాహ్నం సెలవు పెట్టి ఆ వార్డుకు వెళ్లాను. నాకు ప్రార్థన బాగా రాదు, మాటలు తడబడతాయి. అయినా వెళ్లాలని ముందే గట్టిగా అనుకున్నాను. జోగిపేట దిక్కునుంచి వచ్చిన ఒకామె, షెడ్డు మీదినుంచి పడిన భర్త మంచం పక్కన బెంచీ మీద ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు పాస్టరమ్మనా?" అంది.

"కాదమ్మా."

"మరేం జెయ్యనీకొచ్చిన్రు?"

"మీకిష్టమైతే జెర సేపు కూసుంట."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, సంచి పక్కకు జరిపింది. కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె తల నెమ్మదిగా వాలి నా భుజం మీద ఆగింది. మంచి నిద్ర. నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది, కదపలేదు. కిటికీలోంచి పడిన ఎండ ఆమె మట్టిగాజుల మీదికి పాకి, అక్కడినుంచి ఆమె భర్త దుప్పటి అంచు ఎక్కింది. ఆ దుప్పటి పైకి లేస్తూ, దిగుతూ ఉంది.