పెద్దమ్మ చాట, పిల్లి గద్దలు

గోదావరికి మరాఠీ ఒడ్డున ఉన్న మా ఊరు అంకిస అవతల, నది వైపు, మా పెద్దమ్మకు ఒక గడ్డి బీడు ఉండేది. కాగితం దాన్ని రెండెకరాలనేది. పెద్దమ్మ చెయ్యి చాపి చూపించేటప్పుడు మాత్రం అది నది దాటి మహదేవపూర్ దాకా పోయేది. ఎనభైలలో ఒక చలికాలం, దాన్ని దున్ని మిరప వెయ్యాలని ఆమె తీర్మానించింది. నాగలి కూడా మాట్లాడుకుంది. సరిగ్గా అప్పుడే అటవీ శాఖ తరఫున ఒక సాబు జీపులో దిగాడు.

ఆ సాబు ఎంత బక్కపలచగా ఉండేవాడంటే, మెడలో దుర్భిణి బరువే లేకపోతే గోదావరి గాలికి ఎగిరిపోయేవాడని ఊరంతా నమ్మింది. ఆయనది మరాఠీ, మా పెద్దమ్మది తెలుగు. సిరొంచలో మరాఠీ బడి చదువు చదివిన నన్ను మధ్యలో నిలబెట్టారు. ఆ వారం రోజులూ నేను రెండు రాష్ట్రాలను కలిపే వంతెనలాగా నడిచాను.

సాబు జీపు ముందు భాగం మీద పటం పరిచి చెప్పాడు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిల్లి గద్దలు చెట్టెక్కి పడుకోవు. రాత్రి గడ్డిలో, నేల మీదే ఉంటాయి. పగలు చుట్టూ పొలాల్లో ఎలుకలనూ మిడతలనూ పడతాయి. అందుకే బీళ్లనూ పొలాలనూ కలిపి ఒకే రక్షిత ప్రాంతంగా గీయాలని ఆయన ఆలోచన. పొలాలు ఎవరివి వాళ్లు దున్నుకోవచ్చు, ఎలుకల మందు మాత్రం పెట్టకూడదు. బీళ్లను దున్నకూడదు. హోలీ దాటి గద్దలు వెళ్లేదాకా గడ్డి కోయకూడదు, కాల్చకూడదు. ఆ తర్వాత గడ్డి ఎవరిది వాళ్లదే.

మిగతా బీళ్లవాళ్లు సరేనన్నారు. పటం మీద ఆకుపచ్చ రంగు ఊరి చుట్టూ తిరిగి వచ్చింది. నడుమ మా పెద్దమ్మ బీడు ఒక్కటే తెల్లగా మిగిలింది, గారెలో చిల్లులాగా. గద్దలన్నీ దిగేది ఆ చిల్లులోనే. ఆమె కాదంటే సాబు గారె మొత్తం వృథా.

"నా కోడిపిల్లలను ఎత్తుకపోయే దొంగలకు నా భూమి మీదనే పక్క పరుస్తనా? సాబుకు చెప్పు బిడ్డా," అంది పెద్దమ్మ.

"ఆలోచిస్తానంటోంది," అని మరాఠీలో చెప్పాను.

కోడిపిల్లలను ఎత్తుకుపోయే గద్ద వేరు, ఇవి వేరు అన్నాడు సాబు.

"గద్ద గద్దనే. మూతి వంకరున్నదంటే అది దొంగదే. నీ మూతి గూడ జర గట్లనే ఉంటది, చూసుకో," అంది నాతో. అది మాత్రం నేను సాబుకు చెప్పలేదు.

అప్పుడు సాబు ఇంకో మాట చెప్పాడు. ఈ గద్దలు అరగని వెంట్రుకలనూ ఎముకలనూ ఉండలు చేసి, పడుకున్న చోటే కక్కుతాయట. ఆ ఉండలు విప్పి చూస్తే అవి ఏం తిన్నాయో తెలిసిపోతుందట. పెద్దమ్మ కళ్లు మెరిశాయి. ఎందుకంటే, గద్ద బెదిరిపోవాలని మా దగ్గర కోడిపిల్లలకు రంగు వేస్తారు. పెద్దమ్మ కోడిపిల్లలు ఆ ఏడు గులాబీ రంగులో ఉన్నాయి. ఆమె వాకిలి దూరం నుంచి చూస్తే, పెళ్లి ఊరేగింపు ఒకటి గింజలు ఏరుకుంటున్నట్టు ఉండేది.

"ఐతే ఇగ లొల్లి లేదు," అంది. "ఉండల్ల గులాబీ బూరు దొరికిందా, తెల్లారి నాగలే. దొరకలేదా, బీడు బీడుగనే ఉంటది."

ఆ సాయంత్రం గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. పెద్దమ్మ తన పీట తెచ్చుకుంది. దొంగలకు కాపలా అని చెప్పి దసరా నుంచీ రోజూ అక్కడికే వచ్చేది. పొద్దు గుంకుతుంటే గద్దలు ఒక్కొక్కటే గడ్డి మీదుగా, రెక్కలు కదపకుండా, చప్పుడు లేకుండా వచ్చి మునిగిపోయాయి. నేను సైతం నోరు మూసుకున్నానంటే ఎంత ప్రశాంతంగా ఉందో ఊహించుకోండి.

"గా తెల్లది ఇంక రాలే," అంది పెద్దమ్మ, ఎవరితోనో అన్నట్టు. అది వచ్చి దిగాకే పీట ఎత్తింది.

తెల్లవారి గద్దలు వెళ్లాక ఉండలు ఏరి తెచ్చాం. పెద్దమ్మ వాకిట్లో చాట పెట్టుకుని కూర్చుంది. సిరొంచ కచేరీలో కూడా అంత జనాన్ని నేను చూడలేదు. ఎలుకల మందు అమ్మే కిరాణా భాయి దుకాణం మూసి మరీ వచ్చాడు.

"జర జల్ది చూడు పెద్దమ్మా, నా సరుకు సంగతి తెలక పరేషాన్ ఐతున్న."

"నీ సరుకు గాదు, నా మిరప సంగతి ఇది. కూసో."

బియ్యంలో రాళ్లు ఏరినట్టే ఒక్కో ఉండ విప్పింది. ఎలుక పుర్రె. మిడత కాళ్లు. మళ్లీ ఎలుక. దొరికినదల్లా నేను రెండు భాషల్లో ప్రకటించాను. సాబు ఊపిరి పీల్చడం మానేసి ఇంకా సన్నబడ్డాడు.

ఒక ఉండ దగ్గర ఆమె వేలు ఆగింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. బూడిద రంగు వెంట్రుకల నడుమ గులాబీ బూరు. ఇంకెక్కడైనా అయితే దాన్ని గుమ్మడికాయంత చేసి చెప్పేవాణ్ణి. అది నిజానికి ఆవగింజంతే ఉంది.

పెద్దమ్మ నా వైపు చూసింది. బొటనవేలితో దాన్ని నలిపి, తీరిగ్గా కొంగున ముడి వేసుకుంది. మిగిలిన ఉండలు కూడా విప్పి, చాట దులిపింది.

"అన్ని ఎలుక బొక్కలే. నాగలోనికి వద్దని చెప్పుండ్రి," అంది.

కిరాణా భాయి నిట్టూర్చి దుకాణానికి వెళ్లాడు. సాబు అక్కడికక్కడే పటం తీసి చిల్లుకు ఆకుపచ్చ రంగు నింపాడు. ఆమె మనసు మార్చుకునేలోపే నింపాలన్న తొందరలో రంగు కొంచెం గోదావరిలో కూడా పడింది.

జీపు వెళ్లాక అడిగాను. "కొంగుల ఏమున్నది పెద్దమ్మా?"

"పోకచెక్క."

"గులాబీ పోకచెక్కనా?"

"అల్లుడొస్తే కోడిని కోస్తం గద," అంది, చాటను గోడకు తగిలిస్తూ. "గివి గంత దూరం నుంచి వచ్చినయి. ఒక్క పిల్లకు ఎల్లగొడ్తమా?"

పొద్దు వాలుతుండగా పీట చంకన పెట్టుకుని గట్టు వైపు బయలుదేరింది. దొంగలకు కాపలా అట.