మా తమ్ముడి కుడికాలు

అతిథులు తెచ్చే పుస్తకాలను ముఫీద్ తెరిచి చూసేవాడు కాదు. మూడు వందల డైవ్‌లు, ఐదు వందల డైవ్‌లు, ఏ సముద్రంలో ఎంత లోతు దిగారో, ఎవరు సంతకం పెట్టారో అన్నీ వాటిలో రాసి ఉండేవి. ఎవరైనా ముందుకు చాపితే "బాగుంది, తడవకుండా దాచుకోండి" అనేవాడు. తర్వాత దోణి అంచున కూర్చుని, వాళ్ళు సిలిండర్ పట్టీ ఎలా బిగిస్తున్నారో చూసేవాడు. బిగించాక ఒకసారి ఎత్తి కుదిపి చూసుకున్నవాళ్ళను రాతిగట్టు దక్షిణపు కొమ్ము దగ్గరికి తీసుకెళ్ళేవాడు. కుదపనివాళ్ళకు, పుస్తకంలో ఎన్ని వందలున్నా సరే, ఆ రోజుకు రేవు దగ్గర తేలిక నీళ్ళలో పులిసొరలను చూడటమే.

వాడు నా తమ్ముడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. నీళ్ళలో మాత్రం వాడే పెద్ద. వాడు దిగేవాడు, నేను పైన దోణి నడుపుతూ బుడగలు చూసేవాణ్ణి. మా ఫువామ్ములా దీవిలో రాతిగట్టు దాటితే అడుగు ఉండదు. కొమ్ము దగ్గర నీళ్ళు ఎప్పుడు ఎటు లాగుతాయో మా నాన్నకే సరిగా తెలిసేది కాదు. అందుకే బుడగల మీద నుంచి కళ్ళు తియ్యకూడదు. పదిమంది దిగినా ముఫీద్ బుడగలు నాకు తెలిసేవి. అవి పెద్దవిగా, దూరదూరంగా, తొందర లేకుండా వచ్చేవి. పంతొమ్మిదేళ్ళు అలాగే చేశాం.

మా దీవుల లెక్కన ఆద కార్తె పుట్టిన రెండో రోజు అది. పడమటి గాలి అప్పుడే మొదలైంది. నలుగురు అతిథులు, నలుగురూ పట్టీ కుదిపి చూసుకున్నవాళ్ళే. దిగేముందు వాడు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "కింద నీళ్ళు ఎవరినైనా లాగితే నేను వాళ్ళ వెనక వెళ్తాను. మిగతావాళ్ళు నాకోసం ఆగొద్దు. మెల్లిగా పైకొచ్చేయండి. పైన మా బేబే, మా అన్న, మిమ్మల్ని ఏరుకుంటాడు, పోక నమలడం తప్ప ఆయనకి వేరే పనేం లేదు."

ఇరవై నిమిషాలకే బుడగలు చెదిరిపోయాయి. ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఉన్న ఒకామెను నీళ్ళు రాతిగట్టు గోడ వెంబడి కిందకి ఈడ్చాయి. వాడు యాభై దాకా వెళ్ళి ఆమెను పట్టుకుని, తేల్చే జాకెట్‌లోకి గాలి కొట్టి పైకి తెచ్చాడు. అయిదు మీటర్ల దగ్గర ఆగి ఉండాల్సిన చోట ఆగలేకపోయాడు. అలా ఆగకపోతే లోతులో ఒంట్లో చేరిన గాలి బుడగలై కీళ్ళలో, నరాల్లో చిక్కుకుంటుంది. నేను ఆమెను దోణిలోకి లాగాను. ఆమె దగ్గుతూనే బాగానే ఉన్నానని చెయ్యి ఊపింది.

"మిగతా ముగ్గురూ?" అన్నాడు ముఫీద్ నీళ్ళలో నుంచే.

"కనపళ్ళేదు."

"ఇంకో సిలిండర్ ఇటియ్యి."

ఇచ్చాను. వాడు మళ్ళీ ఇరవై అయిదు మీటర్లకు దిగాడు. అక్కడ ఎవరూ లేరు. పొద్దున వాడు చెప్పింది చెప్పినట్టు చేసి, ఆ ముగ్గురూ కొమ్ముకు అవతలివైపు తేలి, ఎర్ర గుర్తు ఎగరేసుకుని తాపీగా నా కోసం చూస్తున్నారు. తను లేకుండా ఎవరైనా పైకి రాగలరని వాడికి ఎప్పుడూ నమ్మకం లేదు. అదొక్కటే వాడిలో లోపం. ఇవాళ అది లోపమని కూడా నేను గట్టిగా అనలేను.

ఆ సాయంత్రం వాడికి ఎడమ భుజం పట్టేసింది. అతిథుల్లో ఎవరైనా డైవ్ తర్వాత భుజం నొప్పి అన్నారంటే, మేం మారుమాట లేకుండా పడుకోబెట్టి ముక్కుకు ఆక్సిజన్ పెట్టేవాళ్ళం. అది మా పడవలో చట్టం. కానీ ఇది మా ఇంట్లో నొప్పి. ఆద కార్తెలో కీలు పట్టేసిందంటే గాలి దూరినట్టే అని మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మా అమ్మ, మేం మమ్మా అంటాం, అప్పటికే కొబ్బరినూనెలో ఆకులు వేసి పొయ్యి మీద పెట్టింది.

"ఎముకలోకి పోయిందిరా గాలి. చూడు, ఎలా గడ్డకట్టిందో" అంటూ వేడివేడిగా భుజం రుద్దింది.

"మెల్లిగా మమ్మా, నేనేమన్నా రోషి రొట్టెల పిండినా?" అన్నాడు వాడు.

ఆమె చేతి కింద వాడి ముఖం తేలికపడింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆక్సిజన్ సీసా దోణిలో ఉంది. దోణి మా ఇంటికి నాలుగు నిమిషాల దూరం.

తెల్లవారి ఉయ్యాలమంచం దిగబోయి వాడు కింద పడ్డాడు. కుడికాలు రాలేదు. తొడ గిల్లితే తెలియడం లేదన్నాడు. మమ్మా మళ్ళీ నూనె గిన్నె అందుకుంది. ఈసారి నేను ఆగలేదు. విమానం ఎక్కితే ఇంకా చెడుతుంది కాబట్టి పడవలోనే, అలల మీద, పక్క దీవుల్లోని వైద్యశాలకు తీసుకెళ్ళాను. అక్కడ ఒంట్లోని బుడగలను నొక్కి కరిగించే ఒత్తిడి గది ఉంది.

గది అంటే గది కాదు. పొడవాటి ఇనుప పీపా. రెండు బల్లలు, గుండ్రటి గాజు కిటికీ. రోగితో పాటు లోపల ఒక మనిషి ఉండాలి. నర్సుకు జలుబు, చెవులు సర్దుకోవు. డైవింగ్ తెలిసినవాణ్ణని నన్ను పంపారు. తలుపు మూశారు, లోపలికి గాలి నింపారు. పద్దెనిమిది మీటర్ల నీటి అడుగున ఉంటే ఎంత బరువుంటుందో అంత. ఒళ్ళంతా చెమట పట్టింది. తలుపుకు గొళ్ళెం లేదు. లోపలి గాలి బరువే దాన్ని మూసి పెడుతుంది. ఎంత బలమున్నవాడైనా లాగలేడు.

"ఇన్నాళ్ళూ సిలిండర్ నా వీపు మీదుండేది. ఇప్పుడు నేనే దాని కడుపులో పడ్డా" అన్నాడు ముఫీద్.

"మాట్లాడకు, మాస్క్ పెట్టుకో."

ఇరవై నిమిషాలు మాస్క్‌లో ఆక్సిజన్ పీల్చాలి. ఆ తర్వాత అయిదు నిమిషాలు మాస్క్ తీసి మామూలు గాలి. మళ్ళీ ఇరవై. అలా అయిదు గంటలు. మాటలన్నీ ఆ అయిదేసి నిమిషాల్లోనే. మిగతా సమయమంతా నీళ్ళలో లాగే చేతి సైగలు.

మొదటి విరామంలో దోణి ఎవరు కడిగారని అడిగాడు. రెండోదాంట్లో తన కుడికాలు చూసుకున్నాడు. చేత్తో కాలు పట్టుకుని ఎత్తి, వదిలి, అది బల్ల మీద పడటం చూశాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వదిలాడు. మూడోసారి మాస్క్ పెట్టుకున్నాక వాడి కళ్ళు మారిపోయాయి. యాభై మీటర్ల కింద చీకటి నీళ్ళలో నవ్వుకునే మనిషి, ఆ తెల్లటి దీపం కింద గోడలు తడుముతున్నాడు. పైకప్పును అరచేత్తో నెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు.

పైకి వెళదాం అని దానర్థం. మా పనిలో అన్నిటికన్నా పెద్ద నియమం అదే. ఎవరు బొటనవేలు ఎత్తినా కారణం అడగకూడదు. గైడైనా, అతిథైనా, అందరూ ఆ క్షణమే పైకి మళ్ళాలి. ఆ నియమాన్ని వాడే వందలమందికి చెప్పాడు. నేను అరచెయ్యి బల్లపరుపుగా చాపాను. ఈ లోతులోనే ఉండు అని.

వాడు మళ్ళీ బొటనవేలు ఎత్తాడు. ఈసారి నెమ్మదిగా, నా ముఖం ముందు.

నేను చెయ్యి దించలేదు.

కిటికీ అవతల డాక్టరమ్మ చూస్తూనే ఉంది. స్పీకర్‌లో గొంతు వినిపించింది. "వద్దంటే నేను బలవంతం చెయ్యలేను. మెల్లిగా పైకి తెచ్చేస్తాను. కానీ కాలు ఇలాగే ఉండిపోవచ్చు. మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి."

ముఫీద్ మాస్క్ పీకేశాడు. "బొటనవేలు చూపించా."

"చూశా."

"చూసి కూర్చున్నావా? తియ్యమను బేబే. కాలు పోతే పోనీ. ఇందులో నాకు ఊపిరాడట్లేదు."

"గెస్టుకి భుజం నొప్పంటే ఆక్సిజన్ పెడతాం. నీకు నూనె రాశాం. నేను గుమ్మంలో నిలబడి చూశా. ఈ ఒక్కరోజు నువ్వు గెస్టువనుకో. గైడు చెప్పింది విను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు గైడువా? రేవులో దూకితేనే ముక్కులోకి నీళ్ళు పోయే మొహం!"

"ఇక్కడ నీళ్ళు లేవుగా. అందుకే వచ్చా."

నవ్వు రాబోయి ఆగిపోయింది. వాడి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. చాలాసేపటికి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో మాస్క్ ముఖానికి అదుముకున్నాడు. తాడు పట్టుకుని అయిదు మీటర్ల దగ్గర వేలాడుతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి, అంతా సరే అని వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాను.

తర్వాతి విరామంలో మాట్లాడింది ఒకే ఒక్క మాట. "మమ్మాకి నూనె సంగతి చెప్పకు."

అయిదో గంటలో వాడి బొటనకాలి వేలు కదిలింది. ఆ మూడు రోజుల్లో మూడుసార్లు ఆ పీపాలోకి వెళ్ళాం. నాలుగో రోజు వాడు నా భుజం పట్టుకుని నడిచి పడవ ఎక్కాడు. పాదం కొంచెం ఈడ్చేవాడు, అది అలాగే ఉండిపోయింది. ఇక జన్మలో సిలిండర్ తగిలించుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది. వాడు సరేనన్నాడు.

రేవులో మమ్మా ఎదురుచూస్తోంది. వాడు నడిచి రావడం చూసి చేతులు ఆకాశానికెత్తి అల్లాను తలుచుకుంది.

"ఏం చేశారురా అక్కడ?"

"గాలి కొట్టారు మమ్మా, సైకిల్ ట్యూబుకి కొట్టినట్టు" అన్నాడు వాడు. "నువ్వు ముందే నూనె రాయబట్టి కాలు దక్కిందట. డాక్టరమ్మే చెప్పింది."

నేను పక్కనే ఉన్నాను. తాడు కట్టడానికి వంగాను.

ఆ మాటతో ఇంకో తలుపు మూసుకుంది. గొళ్ళెం లేని తలుపే అది కూడా. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు, ప్రతి సాయంత్రం, వాడు గరుధియా చేపల చారుతో అన్నం తినగానే మమ్మా నూనె గిన్నెతో వచ్చేది. వాడు కాలు చాపేవాడు. ఒక్కరోజు కూడా వద్దనలేదు. పగలంతా దోణిలో నా పక్కన కూర్చుని, వేరే గైడు బుడగలు చూసేవాడు. "తొందరగా పీలుస్తున్నాడు" అని గొణిగేవాడు. అతిథుల పట్టీలు మాత్రం చివరిదాకా వాడే చూశాడు. ఒక్కోసారి కొమ్ము దగ్గర ఇంజన్ ఆపినప్పుడు, అంచు మీద నుంచి చెయ్యి నీళ్ళలోకి వేలాడేసేవాడు, మోచేతి దాకా. అంతకన్నా ముందుకు వంగేవాడు కాదు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం రేవు గట్టు మీద కూర్చునే గుండె ఆగి పోయాడు. స్నానం చేయించేటప్పుడు చూశాను. ఎండకు మాడిన ఆ ఒంట్లో కుడికాలు ఒక్కటే నున్నగా మెరుస్తోంది.

మమ్మాకు ఇప్పుడు చూపు సరిగా లేదు. అయినా సాయంత్రం పొయ్యి వెలిగించి నూనె కాస్తుంది. నిన్న గిన్నె పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది. ఎటు వెళ్ళాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, నా అడుగుల చప్పుడు విని తిరిగింది.

"కాలు నిలబెట్టిన చెయ్యిరా ఇది. గుండె దాకా పోనివ్వలేకపోయా" అంది. "నీకూ గాలి పట్టినట్టుంది, దగ్గుతున్నావు. ఇలా రా."

నాకు ఏ నొప్పీ లేదు. చొక్కా విప్పి, ఆమె ముందు కూర్చున్నాను.