బిందె పట్టిన సిపాయి

సంగతి నాకు మొదట చెప్పింది మా శాండ్రింగ్‌హామ్ పేటలో కిరాణా కొట్టు ఆంటీ. "మీ పాతింటి పక్కన అంకుల్ సంవత్సరీకానికి క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆయన అల్లుడొచ్చి ఆ సిపాయి బొమ్మలన్నీ బాగుచేశాడట, చూసిరా." వెళ్లి చూశాను. ఒళ్లు మండిపోయింది.

అంకుల్ ప్లాస్టిక్ సిపాయిలను పెట్టెలకొద్దీ కొని, ముందుగా బ్లేడుతో తుపాకీలు కోసేసేవారు. ఖాళీ అయిన చేతికి పుట్టీతో చిన్న బిందె చేసి అతికించేవారు. కళ్లు మాత్రం మర్నాడు స్నానం చేసి వచ్చాకే, దేవుడి బొమ్మకు దిద్దినట్టు దిద్దేవారు. "కాల్చేవాళ్లను ఫ్యాక్టరీ చేస్తుందమ్మా. దాహం తీర్చేవాణ్ణి మనమే చేసుకోవాలి" అనేవారు.

ఇప్పుడు బల్ల మీద అందరి చేతుల్లోనూ తుపాకీలే.

"గన్స్ అన్నీ విరిగిపోయి ఉన్నాయక్కా. ఆన్‌లైన్‌లో తెప్పించి ఫిక్స్ చేశా. సూపర్ కదా?" అన్నాడు అల్లుడు.

"మరి బిందెలు?"

"ఆ ముద్దలా? ఏవో అంటుకున్నాయని గీకేశా."

"ఇన్నేళ్లు వచ్చినప్పుడల్లా ఆయనింట్లో అన్నం తిన్నావు. ఆ చేతుల్లో ఏముందో ఒక్కసారైనా చూడలేదా?" అనేసి, ప్రసాదం కూడా ముట్టకుండా వచ్చేశాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

దేవుడి దయవల్ల, అంకుల్ నాకిచ్చిన ఒక్క సిపాయి మా పూజ అరలో బిందెతోనే ఉన్నాడు. మీరు అంకుల్‌ను ఎరగరు. అయినా దప్పికై నీళ్లు తాగినప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.