చెప్పును తిప్పి చూసే మా నాయన

చిన్నప్పుడు మా నాయనతో ఆళ్లగడ్డకు చెప్పులు కొనడానికి పోవాలంటే నాకు ఏడుపొచ్చేది...

ఆరో తరగతికి మా ఊరి నుంచి ఆళ్లగడ్డ హైస్కూలుకు నడిచి పోవాలి. పత్తిచేల గట్ల మీద, తుమ్మముళ్ల మధ్య. నాకేమో ఎర్ర పువ్వున్న చెప్పులు కావాలి. నాయన ఆ పువ్వు వైపు చూడనే లేదు. చెప్పును తిప్పి పట్టుకున్నాడు. వంచాడు. అంచులో గోరు దూర్చి లాగాడు. లోపల చెయ్యి పెట్టి మేకులేమైనా గుచ్చుకుంటాయేమో అని తడిమాడు...

నాయన ఎద్దులతో సేద్యం చేసే మనిషి. సంతలో ఎద్దును ఎట్లా చూస్తాడో చెప్పునూ అట్లే చూస్తాడు.

"ఏందప్పా, ఎద్దు పండ్లు చూసినట్ల చూస్తాండావు?" అని అంగడాయన నవ్వాడు.

"దీనికి పండ్లు లేవు గదన్నా... అందుకే అడుగు చూస్తాండా" అన్నాడు నాయన.

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను తల దించుకున్నాను.

చివరికి పువ్వూ లేదు, రంగూ లేదు... నల్లగా మొద్దుగా ఉన్న తోలు చెప్పులు. అవీ నా కాలికంటే పెద్దవి. వెనక పట్టీకి ఇంకో రెండు బొక్కలు పొడిపించి తొడిగించాడు. బడిలో పిల్లలు వాటికి 'ఎద్దు డెక్కలు' అని పేరు పెట్టారు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నాయన వాటికి ఆముదం రుద్దేవాడు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా అవే నా చెప్పులు. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే... ముల్లు దిగిందని ఒక్కరోజు కూడా బడి మానలేదు. అది ఆ చెప్పుల పుణ్యమని అప్పట్లో తట్టలేదు.

తరువాత నంద్యాలలో డిగ్రీ చదివాను. అటవీ శాఖలో బీటు ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాను. మిగిలింది నడక పరీక్ష... నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. ఒక్క నిమిషం దాటినా అంతే, ఉద్యోగం పోయినట్లే.

బూట్ల సంగతి నాయనకు చెప్పలేదు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో, ఫోన్లో చూసి, పెద్ద పేరున్న కంపెనీవి తెప్పించుకున్నాను. మా డ్రిల్లు సారు అదే కంపెనీ బూట్లు ఏడేళ్లు తొడుక్కున్నారు, నా కళ్లతో చూశాను. ఇంకేం చూడాలి?

పదో రోజుకే కుడి బూటు ముందర నోరు తెరిచింది... మడమ దగ్గర బొబ్బ. పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

కుంటుకుంటూ ఇంటికొచ్చాను. నాయన తిట్టలేదు. బూటు తీసుకుని, తిప్పి, గోరు దూర్చాడు. అడుగంతా అట్టముక్కలా లేచి వచ్చింది.

"కుట్టే లేదు పాపా. అంటించినారు, అంతే."

"మంచి కంపెనీ నాయనా. ముందు బాగుండేటివి."

"ముందు బాగుండేటివేమో... నాకు పేరు చదవను రాదు గదా. అందుకే ఎప్పుడు కొన్నా అడుగే చూస్తా."

చదువుకున్నదాన్ని కదా... పేరు చదివి అక్కడితో ఆగిపోయాను.

బొబ్బ ఆరినాక ఇద్దరం నంద్యాల పోయాం. పొద్దున బస్సుకు పోదామంటే నాయన ఒప్పుకోలేదు. "సాయంత్రం పోదాం. పగలంతా తిరిగినాక కాలు ఉబ్బుతాది. అప్పుడు పట్టిందే సరైన బూటు."

అద్దాల అంగడి. నాయన తన చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చి, నేల మీద కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. ఒక జత మధ్యలోకి కాగితంలా మడత పడింది. ఒకదాని మడమ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. ఇంకొకటి చూడ్డానికి బాగుంది, తొడుక్కుని మెట్లు దిగితే వేళ్లు పోయి ముందర కొట్టుకున్నాయి...

అంగడాయనకు ఓపిక అయిపోయింది. "అల్లుడిని గూడా ఇంత పరీక్ష చేయరు గదప్పా!"

"అల్లుడిని నా కూతురు చూసుకుంటాది. బూట్లు మాత్రం నేను చూడాల!"

అంగడంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆరో జత నేనే తీశాను. అడుగు అరలో దుమ్ము పట్టిన డబ్బా. కాఫీపొడి రంగు, ఎన్నడూ వినని పేరు. వంచితే వేళ్ల దగ్గరే వంగింది. మడమ గట్టిగా నిలబడింది. చుట్టూ కుట్టు. ఎంత ప్రయత్నించినా నా గోరు దూరలేదు. మేజోళ్లు వేసుకుని మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను. వేళ్లకు ముందర ఖాళీ ఉంది.

"ఏమంటావ్ నాయనా?"

"తొడుక్కునేది నువ్వు. నువ్వేమంటావ్?"

"ఇవే!"

నాయన ఇంకో మాట లేకుండా డబ్బాను చంకలో పెట్టుకున్నాడు.

పరీక్ష రోజు తెల్లవారుతుండగానే నడక మొదలైంది. పన్నెండో కిలోమీటరుకు తొడలు బిగుసుకుపోయాయి, గొంతు ఎండిపోయింది... పాదాలు మాత్రం ఒక్కసారీ గుర్తుకు రాలేదు. మూడు గంటల పది నిమిషాలకు గీత దాటాను!

ఎదురుగా నాయన. నా ముఖం చూడలేదు.

"కాలెత్తు" అన్నాడు.

అక్కడే గొంతుక్కూర్చుని, ఎద్దు డెక్కను పట్టినట్లు నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో మట్టి తుడిచాడు. అంచు చుట్టూ గోరు తిప్పాడు. తరువాత నలుగురికీ వినపడేటట్లు అరిచాడు. "యాడా లేచి రాలేదు!"

"నాయనా, నేను పాసైనా..."

"అది నాకు ఎప్పుడో తెలుసులే!"

ఇప్పుడు ఆత్మకూరు వైపు నల్లమలలో నడుస్తున్నాను, మూడేళ్లుగా అవే బూట్లతో. ఒకసారి అడుగు అరిగితే కొత్త అడుగు వేయించుకున్నాను. కుట్టు ఉంది కాబట్టి కుదిరింది. కొత్తగా చేరిన ఆడపిల్లలు "ఏ కంపెనీ మంచిదక్కా?" అని అడిగితే పేరు చెప్పను. సాయంత్రం పొమ్మంటాను... తిప్పి చూడమంటాను.

ఆళ్లగడ్డలో మేం చెప్పులు కొన్న అంగడి ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పేరు చూసి నమ్మి ఏడేళ్లు తొడుక్కునే రోజులూ పోయాయి. కొనేముందు గోరు దూర్చి చూసే మనుషులు మాత్రం ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు... మీ ఇంట్లో ఎవరు? వాళ్ల పక్కన నిలబడి మీరూ నాలాగే తల దించుకున్నారా?