మా అత్త చెడగొట్టిన స్పీకర్ల బేరం

మొన్న మా కోడలితో కరీంనగర్‌లో ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. అల్మారా అరలో పట్టేంత చిన్న స్పీకర్ల జత కొనాలని ఆమె ముచ్చట. రెండు జతలు పక్కపక్కన పెట్టి, మీట నొక్కితే ఒకసారి ఇది, ఒకసారి అది మోగేలా ఏర్పాటు చేశారు. ఎంతకిస్తవు బిడ్డా అని అడగడమే నా తప్పయింది. అక్కడి అమ్మాయి డబ్బా మీది అంకె చూపించి, ఫిక్స్‌డ్ రేటమ్మా అని, ఆ తర్వాత నన్నొక గోడను చూసినట్టు చూసి మా కోడలి వైపు తిరిగింది. దుకాణదారు ఇంట పుట్టినదాన్ని, నాకది చెంపదెబ్బతో సమానం. విసవిసా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే, అదే బజారులో నేను చేసిన మరో స్పీకర్ల బేరం గుర్తుకొచ్చింది. దాంతోపాటు మా అత్తా గుర్తుకొచ్చింది. ఆమెను నేను ప్రేమగా తలుచుకుంటానని మీరు భ్రమపడకండి.

మా బాపుది కరీంనగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం. గల్లా పెట్టె పక్కన కూర్చునే పెరిగాను కనుక, కొనేవాళ్ల బలహీనతలన్నీ అమ్మేవాళ్ల వైపు నుంచి నేర్చుకున్నాను. నచ్చిన వస్తువు వంక చూడకూడదు, నచ్చనిదాన్ని చేతిలో పట్టుకుని తిప్పాలి, నచ్చినదానికి వంకలు పెట్టాలి, ధర దిగకపోతే లేచి నడవాలి. మూడో దుకాణం దాటకముందే వెనక నుంచి పిలుపు వస్తుంది. ఈ విద్య మీద నాకెంత గర్వమంటే, ఒకసారి కొత్తిమీర కట్ట దగ్గర బేరమాడుతూ ఉండగానే కట్ట వాడిపోయింది. అయినా గెలిచాననే అనుకున్నాను.

అలాంటి నన్ను సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇంటికి ఇచ్చారు. మా అత్త ఆ మరమగ్గాల పక్కన కూర్చుని కండెలు చుడుతూనే జీవితమంతా గడిపింది. ఆ చప్పుడుకు ఆమె చెవులు ఎప్పుడో మందగించాయి గానీ, నా మీద నోరు మాత్రం మందగించలేదు. కూరలో ఉప్పు తగ్గినా, కండె దారం తెగినా "దుకాణపోళ్ల బిడ్డ" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆమెకున్న ఒకే ఒక సరదా ఒగ్గుకథ క్యాసెట్లు. మా ఇంటి పాత టేపురికార్డరులో ఆమెకు డోలు చప్పుడు తప్ప మాట వినపడేది కాదు, ఆ నేరమూ నా మీదే వేసేది. ఈ రోజువారీ యుద్ధం భరించలేక మా ఆయన ఒకనాడు కొంత డబ్బు చేతికిచ్చి, స్పీకర్లు కొనుక్కురమ్మని మా ఇద్దరినీ కలిపి పంపాడు. మిగిలినదానితో నువ్వు మిక్సీ కొనుక్కో అని నాకు ఆశ పెట్టాడు. రోట్లో నూరి నూరి నా భుజాలు పడిపోయిన రోజులవి. కాబట్టి నేను బయలుదేరింది స్పీకర్ల కోసం కాదు, మిక్సీ కోసం.

కరీంనగర్ బస్సులో ఆమె చెవి దగ్గర అరిచి మరీ పాఠం చెప్పాను. ఏది విన్నా మొహం కదపొద్దు, నేను బస్సు పోతది అత్తా అనగానే లేచి నా వెంట రావాలి అన్నాను. "నీ దుకాణం ఏషాలు నాకెందుకే" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

దుకాణంలో రెండు జతలు దించారు. ఒకటి పెద్దది, వెండి రంగు చట్రాలతో మెరిసేది, చవక. రెండోది రెండు చెక్క ఇటుకల్లా ఉంది, ధర మాత్రం దానికి రెండింతలు. మేము తెచ్చిన క్యాసెట్టే పెట్టమన్నాను. మొదటి జతలో డోలు దెబ్బకు అద్దాల అల్మారా అదిరింది. మా అత్త రాయిలా కూర్చుంది. భేష్ అనుకున్నాను. రెండో జతలో డోలు వెనక్కి జరిగి, కథ చెప్పేవాడు ముందుకొచ్చి నిలబడ్డట్టయింది. కథలో అతను పక్కనున్న వంతపాటగాణ్ని ఏదో అడిగాడు. పక్కవాడు బదులిచ్చేలోపలే మా అత్త "ఆఁ, గట్లనే" అంది. ఇంకో మాటకు కొంగు నోటికడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆమె నవ్వు నేను చూడటం అదే మొదలు.

దుకాణదారు ఆమెను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, మా బాపు కళ్లలో వందసార్లు చూసిందే. చెక్క నాసిరకమన్నాను, మెరుపు లేదన్నాను, మంచిర్యాలలో ఇంతకంటే చవక అన్నాను. అతను చిరునవ్వు నవ్వాడే గానీ దిగలేదు. ఇక లాభం లేదని, బస్సు పోతది అత్తా అని గట్టిగా అని గడప దాటాను. ఒక దుకాణం దాటాను, రెండు దాటాను, మూడోదాని ముందు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఆగాను. పిలుపు లేదు. తిరిగి చూస్తే మా అత్త కుర్చీలోనే ఉంది. చేతిలోకి చాయ్ గ్లాసు కూడా వచ్చింది.

తల దించుకుని తిరిగొచ్చాను.

"ఏమక్కా, బస్సు పోయిందా?"

"అవ్వను తోల్కపోదామని వచ్చిన."

"అవ్వ రాదక్కా. గా మొఖం జూసినంక నేను రూపాయి దించుతనా? నువ్వే చెప్పు."

మా అత్త మా వైపు చూడనైనా చూడలేదు. "జర ఊకోండ్రి. కథ అయినంక వస్త" అంది.

ఉన్న డబ్బంతా ఆ చెక్క ఇటుకలకే పోయింది. చివరికి వైరు ముక్క ఉచితంగా లాగాను, అదే నా పరువు. ఇంటికొచ్చాక ఆ మహాతల్లి వాడంతా తిరిగి, "దుకాణపోళ్ల బిడ్డనట! ఒక్క రూపాయి దించలే. తీగ ముక్క తెచ్చింది" అని చాటింది.

ఆ తర్వాత సాంచాలు ఆగిన ప్రతి సాయంత్రమూ ఆమె కథ పెట్టుకునేది, నేను రోటి ముందు కూర్చునేదాన్ని. కథ రసపట్టుకు రాగానే కావాలనే రోకలితో గట్టిగా దంచేదాన్ని. ఆమె కావాలనే సౌండు పెంచేది. ఆ జత ఎంత స్పష్టంగా పలికేదంటే, ఆ దంపుడులోనే నాకా కథలన్నీ కంఠస్థమయ్యాయి. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వలేదు. మంచి జత తెచ్చావని పోయేదాకా ఆమె అనలేదు, నేనూ ఆ మాట కోసం దేవులాడలేదు.

మొన్న షోరూములో చూసిన జతనే మా కోడలు ఆ రాత్రి ఫోనులో ఇంకా తక్కువకు కొన్నది. ఎవరు తగ్గించారమ్మా అంటే, దానంతటదే తగ్గిందత్తమ్మా అంది. ఎవరినీ అడగకుండా, వంక పెట్టకుండా, లేచి నడవకుండా దిగిన ధర అది. సంతోషించాల్సిందే, కానీ నాకు మాత్రం చప్పగా అనిపించింది. ఆనాడు నేను నిండుగా ఓడిపోయాను. అయితే నా ఎదుట ఒక మనిషి కూర్చుని, నా ఇంటి మనిషి నవ్వును కళ్లారా చూసి, ఆ నవ్వుకు విలువ కట్టి మరీ నన్ను ఓడించాడు. ఇప్పుడు మనం మురిసినా, మొహం చిట్లించినా చూసేవాడెవడూ లేడు. ధర మాత్రం దిగుతూనే ఉంది.