దోసిట్లో నీళ్ళు

ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాక ఎవరి గురించైనా రాయాలంటే మా వదిన గురించే రాయాలి. ఆమెకు మంచి నోరు లేదు, మంచి బుద్ధి ఉంది.

మొన్న వానాకాలం కొల్లిపర పక్కన నాట్లు వేస్తున్నాం. పక్క చేలో ఒరిస్సా కూలీలు దిగారు. మన పనికి ఎసరు పెట్టారని మా ముఠా ఆడవాళ్ళకు వాళ్ళంటే పడదు.

మధ్యాహ్నం వాళ్ళలో ఒక పిల్ల మా నీళ్ళ క్యాను దగ్గరికొచ్చి దాహమని సైగ చేసింది. మాలో ఒకామె గ్లాసు పైకెత్తి, “దోసిలి పట్టు” అంది. గ్లాసు ఆ పిల్లకు తగలకూడదని. పాపం, పట్టింది.

వదిన గ్లాసు లాక్కుంది. “ఏంటే ఇది? కామందుల పెరట్లో మీ అమ్మా, మా అమ్మా ఇలాగే తాగారు. ఆదివారం చర్చిలో అది చెప్పుకునే ఏడుస్తావుగా!”

“వాళ్ళేం తింటారో ఏంటో వదినా” అందామె.

“మన గురించీ అదేగా అన్నారు.”

నిండు గ్లాసు పిల్ల చేతికిచ్చింది. పిల్ల భయపడి, తల వెనక్కి వాల్చి, పెదవికి ఆనకుండా పోసుకోబోయింది. “కరుచుకుని తాగవే!” అని వదిన గదిమింది. పిల్లకు మాట తెలియలేదు. అప్పుడు వదినే గ్లాసు కరుచుకుని ఒక గుక్క తాగి చూపించి, మళ్ళీ చేతిలో పెట్టింది. పిల్ల నవ్వి గటగటా తాగేసింది.

తర్వాత నేను తాగాను. దోసిలి పట్టమన్నామెకూ దాహం వేసింది. “కాస్త కడిగివ్వు వదినా” అంది.

“నీళ్ళు దండగ” అంటూ వదిన అలాగే నింపి ఇచ్చింది. ఆమె కాసేపు గ్లాసు వంక చూసి, కరుచుకునే తాగింది.