ఇటుకరంగు కుందేలు

పిల్లల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఆవిడని అందరూ ఉన్ని పిన్ని అంటారు. ఎప్పుడో ఒక జ్వరం పిల్ల పెట్టిన పేరది, అలాగే నిలిచిపోయింది. పక్కదుప్పట్లు మార్చడం, నేల తుడవడం, గుక్కపట్టిన పిల్లల్ని భుజాన వేసుకుని వరండాలో తిప్పడం ఆవిడ ఉద్యోగం. మధ్యలో కాస్త కూర్చునే వీలు దొరికిందా, ఏప్రన్ జేబులోంచి అల్లిక సూదులు బయటికొచ్చేవి.

కుందేళ్ళు, ఏనుగులు, తోక మరీ పొడుగైపోయిన కోతులు. బొమ్మలు కాకపోతే అరచేతిలో పట్టే టోపీలు, తాళంచెవులకి తగిలించే చేపపిల్లలు. అన్నీ పాత ఉన్నితోనే. ఎవరైనా చిరిగిన స్వెట్టరిస్తే భుజం దగ్గర కొస వెతికి పట్టుకుని, ఒక్కో వరసే లాగుతూ మొత్తం విప్పేసేది. విప్పిన ఉన్ని వంకీలు వంకీలుగా ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కింద చెంబు కట్టి వేలాడదీస్తే వంకీలు సాగిపోతాయి. ఇక అది ఎవరి ఒంటి మీదిదో ఎవరూ పోల్చుకోలేరని పిన్ని నమ్మకం.

అల్లిక చూడముచ్చటగా ఉండేది. కుట్టు మాత్రం ఘోరం. బొమ్మ పొట్టలో గుడ్డపీలికలు కూరి చివర మూసే దగ్గరికొచ్చేసరికి ఆవిడ వేళ్ళు మొద్దుబారేవి. ఒక కుట్టు తూర్పు చూస్తే ఇంకోటి పడమర చూసేది. పిల్లలకి ఆ పట్టింపు లేదు కనుక సరిపోయింది.

బయట ఇంత పేరున్న మనిషికి ఇంట్లో పేరే లేదు. వదిన ఆవిడతో మాట్లాడటం మానేసి చాలా ఏళ్ళయింది. వదినంటే భర్తకి అక్క. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని, ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, వీధి మొత్తానికీ బట్టలు కుడుతుంది. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, మాటలే లేవు. చెప్పుకోవాల్సిందేమైనా ఉంటే మధ్యలో తమ్ముడున్నాడు. అతను బస్సు డ్రైవరు.

“ఒరేయ్, ఉప్పు డబ్బా ఎక్కడ దాచారో అడుగు.”

“అలమరలో ఉందని చెప్పండి.”

“అలమరలో ఉంటే నాకు కనపడదా? నా కళ్ళు పోయాయట్రా?”

“ఎదురెదురుగా రెండు బస్సులొస్తే ఎవరో ఒకరు వెనక్కి తీస్తారు,” అని తల పట్టుకునేవాడు అతను. “ఈ రెండు బళ్ళకీ రివర్సు గేరే లేదు!”

అతను డ్యూటీలో ఉన్నప్పుడు వదిన తన కోపమంతా మిషనుకి చెప్పుకునేది. పిన్ని పొయ్యికి చెప్పుకునేది. మిషను కాస్త గట్టిగా మోగేది కాబట్టి గెలుపెప్పుడూ వదినదే.

అత్తగారు పోయిన నాటి నుంచీ ఇదే వరస. చివరి రోజుల్లో ఆవిడ పక్కన కూర్చున్నది పిన్నే. ఆ మధ్యాహ్నం ముసలావిడ హాయిగా నిద్రపోతోందనుకుంది. పనిలో ఉన్న వదినని పిలిచి కంగారు పెట్టడమెందుకని అల్లిక తీసుకుని కూర్చుంది. అది నిద్ర కాదు. వదిన పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మంచం మీద తల్లి లేదు, శరీరముంది. మరదలి ఒళ్ళో సగం కుందేలుంది.

“మా అమ్మ పోతుంటే పక్కన కూర్చుని కుందేలు అల్లుకుందిరా, ఈ మహాతల్లి!” అని ఆ రోజు వచ్చిన వాళ్ళందరూ వినేలా అరిచింది. ఆ అల్లిక నేర్పింది కూడా ఆ తల్లే. మొదట కూతురికే నేర్పబోయింది. కూతురు సూదులు విసిరికొట్టి మిషనెక్కింది. తల్లీ కోడలూ కిటికీ దగ్గర కూర్చుని గుసగుసలాడుతూ అల్లుకుంటుంటే, మిషను చప్పుడు వెనక ఆ కూతురి మనసులో ఏముండేదో దేవుడికే తెలియాలి.

ఇంత పగలోనూ ఒక్కటి మాత్రం ఆగలేదు. మెట్ల కింద ఒక గోనెసంచి ఉండేది. వదిన రోజూ సాయంత్రం మిషను కింద పడ్డ పీలికలు ఊడ్చి, గుండుసూదులు ఏరేసి, మెత్తని ముక్కలు మాత్రమే ఆ సంచిలో వేసేది. గరుకుగుడ్డ ఒక్కటి కూడా అందులో పడేది కాదు.

“గుడ్డ పారేస్తే పాపం, అందుకని. ఎవరి మీదా ప్రేమ కారిపోయి కాదు,” అని మిషనుకి స్పష్టంగా చెప్పేది.

సంచిలో పడ్డది బొమ్మలది. ఎవరూ నోరు విప్పకుండానే కుదిరిన ఒప్పందం అది. ఆ ఇంట్లో ఇద్దరూ మన్నించేది అదొక్కటే.

ఆ ఏడు వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. ఒకరోజు పిన్ని పీలికల కోసం సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా, బరువుగా ఏదో తగిలింది. బయటికి తీస్తే ఇటుకరంగు స్వెట్టరు. అత్తగారు తన కోసం తనే అల్లుకున్నది. అదెప్పుడూ వదిన ట్రంకుపెట్టెలో అడుగున ఉండేది.

పిన్ని మెట్ల మీద చతికిలబడింది. వదిన ఇచ్చింది! నోటితో అనలేక సంచిలో వేసింది. ఇన్నేళ్ళ రాయి కరిగింది. భగవంతుడా, నీ దయ.

ఒక్కమాట అడిగితే పోయేది. కానీ పిన్ని మెత్తని మనిషి. అడిగితే వదిన చిన్నబుచ్చుకుంటుందేమో, ఇలాంటి మంచితనాన్ని వేలెత్తి చూపిస్తే సిగ్గుపడి వెనక్కి తీసుకుంటుందేమో అనుకుంది. భర్తని మధ్యలో పెడదామంటే అతను దూరపు రూటులో ఉన్నాడు. అందుకని నోరు మెదపకుండా ఒక కప్పు టీ మూతపెట్టి మిషను పక్కన ఉంచి వచ్చింది.

“ఇందులో ఏం కలిపిందో ఏమో,” అని మిషనుకి చెప్పి, తాగేసింది వదిన.

పిన్ని ఆ స్వెట్టరు విప్పింది. కళ్ళు తుడుచుకుంటూ విప్పింది. దాంతో ఒక కుందేలు అల్లింది. ఆవిడ చేతుల్లోంచి అంత అందమైన కుందేలు అంతకుముందు రాలేదు. దాన్ని పొట్ట ఆపరేషనై, మందుకీ మాకుకీ మూతి తిప్పుకుంటున్న ఒక చిన్నపిల్లకి ఇచ్చింది. మిగిలిన ఉన్నిలో కొంతతో వదినకి కళ్ళజోడు పెట్టుకునే సంచి అల్లి, ఎవరూ చూడకుండా మిషను మీద పెట్టింది.

వదిన దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి మెట్ల దగ్గరికి పరుగెత్తింది. గోనెసంచికి పైన ఉన్న గోడ మేకుకేసి చూసింది. మేకు ఖాళీ.

“మా అమ్మ స్వెట్టరేదీ?”

ఏళ్ళ తర్వాత వదిన పిన్నితో సూటిగా అన్న మొదటి మాట అది.

“మీరే కదా వదినా... సంచిలో వేశారు...”

“నేనా? పెట్టెలోకి నీళ్ళు కారితే మేకుకి ఆరేశానే, కుట్టుపని తొందరలో మళ్ళీ చూసుకోలేదే! జారి పడితే నీదైపోతుందా? నేను జారిపడితే నన్నూ విప్పుతావా?”

“నాకిచ్చారనుకున్నా.”

“నీకా! నీకు నేనా! మా అమ్మది!” వదిన గొంతు పగిలింది. “ఒకసారి పక్కన కూర్చుని చంపావు. ఇప్పుడు పోగుపోగూ లాగి చంపావు. మిగిలిందేదీ?”

పిన్ని ఇంకా మిగిలిన ఉన్ని ఉండ తెచ్చి ఇచ్చింది. కుందేలు సంగతి కూడా చెప్పింది. అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు.

“రేపు సాయంత్రానికి ఆ కుందేలు నా మిషను మీదుండాలి. లేదా నేనూ నా మిషనూ ఈ గడప దాటతాం. నీ మొగుడొచ్చాక మా అక్కేదీ అంటే, విప్పేశానని చెప్పుకో!”

మర్నాడు పిన్నికి వార్డులో ఏ పనిమీదా చెయ్యి ఆడలేదు. వేరే కుందేలిచ్చి మార్పిడి చేద్దామని తెల్లదొకటి జేబులో వేసుకొచ్చింది. పిల్ల మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. ఆ పిల్ల నిద్రలో కుందేలు చెవి నోట్లో పెట్టుకుని ఉంది. చాచిన చేత్తో పిన్ని దుప్పటి సర్దింది. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. దిండు సర్దింది. మూడోసారి వెళితే ఆ పిల్ల తల్లి అడిగింది: “పిన్నీ, ఏమన్నా పోగొట్టుకున్నావా?”

“లేదమ్మా,” అంది పిన్ని.

సందర్శకుల గంట కొట్టగానే వార్డు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. వదిన! జాకెట్టుకి సూది గుచ్చుకుని, మెళ్ళో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేసింది.

“ఏదీ అది?”

“వదినా, ఇక్కడ కాదు, పిల్లలు పడుకున్నారు...”

“నువ్వు తేలేవని తెలుసు. అందుకే నేనొచ్చా. తప్పుకో.”

తప్పుకోమన్నా పిన్ని తప్పుకోలేదు. అంత మెత్తని మనిషీ మంచానికి అడ్డంగా నిలబడింది. “నన్నేమన్నా అనండి. దాని చేతిలోది లాక్కోవద్దు.”

వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది. “గట్టిగా అరవకండి. దీనికి కుట్లు ఊడిపోయాయి.”

ఇద్దరూ తిరిగి చూశారు. పిల్ల లేచి కూర్చుని కుందేలు పొట్టని రెండు చేతుల్తో అదిమిపట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి పీలికలు బయటికొస్తున్నాయి. చిన్నపూల గుడ్డ, నీలం చారలది, లేతాకుపచ్చది. వదిన కత్తిరించినవే అన్నీ. ఏ ముక్క ఎవరి బట్టలోదో వదినకి తెలుసు.

వదిన చెయ్యి చాచింది. పిన్ని మంచానికి ఇంకా దగ్గరగా జరిగింది.

“ఇలా తే. ఛీ ఛీ, ఏం కుట్టే ఇది! కోడి కెలికినట్టుంది,” అంటూ మంచం అంచున కూర్చుని సూది తీసింది వదిన. పిన్ని జేబులో అల్లిక సూదులకి చుట్టుకుని ఉండిపోయిన ఇటుకరంగు పోగొకటి అడక్కుండానే లాక్కుంది. సూది బెజ్జంలో పడదని దాన్ని గోటితో చీల్చి సన్నం చేసింది.

“దానికి నొప్పి పుడుతుందా?” అంది పిల్ల.

“నేను కుడితే పుట్టదు. మీ పిన్ని కుడితేనే పుడుతుంది.”

“నాక్కూడా ఇక్కడ కుట్టారు.”

“ఏదీ, చూపించు.” వదిన కళ్ళజోడు సర్దుకుని ఆ పిల్ల పొట్టమీది కుట్లని దర్జీ చూపు చూసింది. “ఫర్వాలేదు. ఎడం సమానంగా ఉంది. మీ డాక్టరు మీ పిన్నికంటే నయం.”

పిల్ల నవ్వబోయి పొట్ట పట్టుకుంది. వదిన పీలికల్ని వేలితో లోపలికి సర్ది, కనపడకుండా లోపలి నుంచి కుట్టి, దారం పళ్ళతో తెంపింది. ఇటుకరంగు ఉన్ని మీద అరచెయ్యి ఒక్కసారి ఆన్చింది. మరుక్షణం కుందేలుని పిల్ల ఒళ్ళో పడేసి వరండాలోకి వెళ్ళిపోయింది. పిన్ని వెనకాలే పరుగెత్తింది.

“వదినా...”

“మాట్లాడకు! నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది. ఆ రోజు నిద్రపోతోందనుకున్నావు. మొన్న స్వెట్టరు ఇచ్చాననుకున్నావు. నీ అనుకోవడాల పుణ్యమా అని మా అమ్మ నాకు రెండుసార్లు పోయింది. అడగొచ్చుగా? నోరుందిగా?”

పిన్నికి కూడా అప్పుడు ఎక్కడలేని కోపం వచ్చింది. “అడిగితే మీరు పలికారా? ఇన్నేళ్ళలో ఒక్కసారి పలికారా? నేను మనిషిని కానా, గోడనా?”

వరండాలో అటూ ఇటూ వెళ్ళే వాళ్ళు ఆగి చూశారు. వదిన మూతి బిగించి మెళ్ళోని టేపుని చుట్టడం మొదలెట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

“ఇకనుంచి అడుగు,” అంది చివరికి. “తిడతాను. అయినా అడుగు.”

వదిన గడప దాటలేదు. మిగిలిన ఉండని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. మళ్ళీ స్వెట్టరు అల్లిపెడతానని పిన్ని బతిమాలితే, “నువ్వల్లితే అది నీ స్వెట్టరవుతుంది, మా అమ్మదవదు,” అని కొట్టిపారేసింది. అది నిజమేనని పిన్నికీ తెలుసు.

కానీ ఆనాటి నుంచి పొట్ట మూయని బొమ్మలన్నీ ముందు మిషను దగ్గరికే వెళ్ళడం మొదలైంది. పిన్ని అడుగుతుంది, వదిన తిడుతుంది. ఏనుగుకి ఒక తిట్టు, కోతికి ఒక తిట్టు. డ్యూటీ నుంచి వచ్చిన తమ్ముడు చెప్పులు విప్పుతూ వింటాడు. తన మీదుగా పోవాల్సిన మాటలు సూటిగా పోతుంటే అతనికి మొదట్లో కాస్త వెలితిగా అనిపించింది. ఇప్పుడు వార్డులో ఏ బొమ్మ పొట్టా ఊడటం లేదు.

ఒక సాయంత్రం పీలికలు ఊడుస్తున్న వదిన కళ్ళజోడు తీసి ఇటుకరంగు సంచిలో పెట్టుకోవడం పిన్ని కంటపడింది. అనుకుని ఊరుకోకుండా, అడిగేసింది.

“వదినా, ఆ సంచి సరిపోయిందా?”

“బొత్తిగా ఇరుకు. కళ్ళజోడు పట్టి చావదు.”

“అయితే ఇవ్వండి, విప్పేసి మళ్ళీ—”

“ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను,” అంది వదిన.